ఎముక చెప్పే ఊరు, చెప్పలేని పేరు

మాఘ శుద్ధ విదియ దగ్గర పడుతోందంటే పెనుగొండలో సందడి మొదలవుతుంది. ఎక్కడెక్కడి ఆర్యవైశ్య కుటుంబాలూ పశ్చిమ గోదావరి జిల్లాలోని ఈ ఊరి దారి పడతాయి. వాసవీ కన్యకా పరమేశ్వరి అగ్నిప్రవేశం చేసిన రోజది. ఆమె వెంట 102 గోత్రాలవారు నిప్పుల్లోకి నడిచారని తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. ఆ గోత్రాల పేర్లు ఇవాళ్టికీ నిలిచే ఉన్నాయి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ముందు అడిగేది అదే కదా! కాబట్టి పెనుగొండ కథలో పేర్లకు కొదవలేదు. లేనిదల్లా ఎముక. దాన్ని నిప్పు తీసుకుపోయింది.

ఒక్క పెనుగొండ మాటే కాదు. గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో మనిషి పోతే దహనం, తర్వాత అస్థి సంచయనం. చల్లారిన చితిలో ఏరినవాటిని చిన్న కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరిలోనో, రాజమండ్రి కోటిలింగాల రేవులోనో కలిపేస్తారు. రాజైనా అంతే, రైతైనా అంతే. రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజ నరేంద్రుడి సమాధి ఎక్కడుందని అడిగేవాళ్లెవరూ లేరు. నన్నయ సమాధి ఎక్కడని వెతికేవాళ్లూ లేరు. మన పెద్దవాళ్లు పోయాక జ్ఞాపకం మిగలాలనుకున్నారు గానీ, ఒళ్లు మిగలాలనుకోలేదు.

ఈ అలవాటు మనసుకు ఎంత ఊరటో, డీఎన్‌ఏ పరీక్షలు చేసేవాళ్లకు అంత చిక్కు. ఎముక కాలి తెల్లగా సున్నంలా మారిందంటే అందులోని డీఎన్‌ఏ దాదాపు పోయినట్టే. నేతాజీ సుభాష్ చంద్రబోస్ సంగతే చూడండి. టోక్యోలోని రెంకోజీ ఆలయంలో ఉన్న అస్థికలు ఆయనవేనని కొందరు, కావని కొందరు. ఆయన కుమార్తె అనితా బోస్ ఫాఫ్ 2022లో వాటికి డీఎన్‌ఏ పరీక్ష చేయించాలని కోరారు. పోల్చడానికి కన్నకూతురే ఉన్నారు. పోల్చాల్సినవి మాత్రం మంటల్లోంచి వచ్చినవి. అసలు కష్టమంతా అక్కడే.

అయితే నిప్పు తీసుకుపోలేనిది ఒకటుంది. బతికున్నవాళ్ల నెత్తురు. తెలుగునాట వైశ్య సముదాయంపై జన్యు శాస్త్రవేత్తలకు చాలాకాలంగా ఆసక్తి. తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కొద్దిమంది పూర్వీకుల డీఎన్‌ఏ ముక్కలే వాళ్లలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ పూర్వీకుల కాలం సుమారు 2,000 నుంచి 3,000 ఏళ్ల కిందటిదని అంచనా. ఇది పెనుగొండ కథకు సాక్ష్యమూ కాదు, దాన్ని కాదనడమూ కాదు. రెండింటినీ ముడిపెట్టేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. కానీ ఇందులో ఇంటింటికీ పనికొచ్చే సంగతి ఒకటుంది. ఈ సముదాయంలో కొందరికి బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం పుట్టుకతో వస్తుంది. మామూలుగా దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్ కోలిన్ అనే మందు పడితే మాత్రం, దాని ప్రభావం నిమిషాల్లో పోవాల్సింది గంటల తరబడి పోదు. అంతసేపూ ఊపిరి యంత్రం మీదే. అందుకే ఆపరేషన్ అనగానే మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందుగా చెప్పుకోవడం మంచిది. ఎప్పటి పూర్వీకులో... వాళ్ల ఆనవాలు ఇవాళ ఆపరేషన్ థియేటర్లో కనబడుతోంది!

నెత్తురు ఒక సముదాయం కథ చెబుతుంది. ‘ఫలానా మనిషి’ ఎవరో తేల్చాలంటే మాత్రం ఆ మనిషిదే ఏదో ఒకటి కావాలి. ఎముకో, పన్నో. అలాంటి ఒక ఎముక గోవాలో దొరికి, హైదరాబాదు చేరి, ఆఖరికి జార్జియా వెళ్లింది. మన తెలుగు గడ్డ మీద జరిగిన పరీక్షల్లో ఇంత సినిమాలాంటి కథ మరొకటి లేదేమో.

ఆమె పేరు కేతెవాన్. నల్లసముద్రానికి తూర్పున ఉన్న జార్జియాలో కఖేతీ రాజ్యానికి రాణి. పక్కనే పర్షియా, దానికి ప్రభువు షా అబ్బాస్. రాజ్యాన్ని కాపాడుకోవడానికి రాయబారానికి వెళ్లిన ఆమెను అతను ఏళ్ల తరబడి షిరాజ్‌లో బందీగా ఉంచాడు. మతం మారమన్నాడు. మారనంది. 1624 సెప్టెంబరులో ఎర్రగా కాల్చిన పట్టకార్లతో హింసించి చంపించాడు. అప్పట్లో షిరాజ్‌లో ఉన్న పోర్చుగీసు అగస్టీనియన్ సన్యాసులు ఆమె అవశేషాలను రహస్యంగా తీసి దాచారు. కొంత భాగం జార్జియాకు పంపారు. కొంత భాగాన్ని తమ గోవా మఠానికి చేర్చారు. జార్జియా చర్చి ఆమెను పునీతురాలిగా కొలుస్తుంది. అంటే అక్కడివారికి ఆమె రాణి మాత్రమే కాదు, దేవతతో సమానం.

పాత గోవాలోని సెయింట్ అగస్టీన్ చర్చి కాలక్రమంలో పాడుబడింది. 1842లో కప్పు కూలింది. ఇప్పుడక్కడ మిగిలింది సగం విరిగిన ఎత్తయిన గోపురం, చుట్టూ మొండిగోడలు. రాణిగారి చేతి ఎముకను ప్రార్థనామందిరంలో రెండో కిటికీ దగ్గర పెట్టెలో ఉంచినట్టు పోర్చుగీసు పత్రాల్లో ఉంది. కానీ కప్పే లేనిచోట రెండో కిటికీ ఎక్కడని వెతకడం? జార్జియా నుంచి బృందాలు వచ్చాయి, వెళ్లాయి. చివరికి నిజాముద్దీన్ తాహెర్ ఆధ్వర్యంలో భారత పురావస్తు శాఖ చేసిన తవ్వకాల్లో 2004లో పత్రాల్లో చెప్పిన జాగాలోనే ఒక చేతి ఎముక ముక్క దొరికింది. అక్కడే మరో రెండు ఎముకలు కూడా ఉన్నాయి. మూడింటిలో రాణి ఎవరు? అసలు వాటిలో రాణి ఉందా?

ఆ ప్రశ్న హైదరాబాదు హబ్సిగూడలోని సీసీఎంబీకి వచ్చింది. డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని మన దేశంలో 1980ల్లోనే సొంతంగా రూపొందించిన సంస్థ అది. లాల్జీ సింగ్ బృందం కట్లపాము డీఎన్‌ఏలో పట్టుకున్న ఒక ముక్కతో మనుషుల గుర్తింపు పరీక్ష తయారుచేసిన కథ తెలిసినవాళ్లకు తెలుసు. తండ్రెవరో తేల్చే తగాదాలు, హత్య కేసులు దానికి అలవాటే. కాకపోతే కోర్టు కేసులో నెత్తురు కొత్తది. ఇక్కడ ఎముక వయసు దగ్గర దగ్గర 400 ఏళ్లు.

మనిషి పోయిన క్షణం నుంచే డీఎన్‌ఏ ముక్కలవడం మొదలవుతుంది. ఎండ, తేమ, మట్టిలోని సూక్ష్మజీవులు... అన్నీ కలిసి దాన్ని నమిలేస్తాయి. చలిదేశాల మంచులో వేల ఏళ్లు నిలిచేది మన వేడిలో నిలవదు. హర్యానాలోని రాఖీగఢీలో హరప్పా నాటి 61 నమూనాలు పరీక్షిస్తే చదవగలిగినంత డీఎన్‌ఏ దొరికింది ఒక్క స్త్రీ అస్థిపంజరంలోనే. 2019లో ఆ ఫలితం వచ్చినప్పుడు దేశమంతా దాని గురించే చర్చ. మిగతా అరవై ఏమయ్యాయో ఎవరూ పట్టించుకోలేదు!

అందుకే శాస్త్రవేత్తలు గట్టిచోటు చూసుకుంటారు. పన్ను, లేదంటే లోపలి చెవిని చుట్టి ఉండే రాయిలాంటి ఎముక. అవి లేకపోతే ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలి. పైపొర గీకేసి, లోపలి భాగాన్ని పొడి చేసి, అందులోంచి డీఎన్‌ఏ తీస్తారు. ఈ పని చేసే గదిలోకి ఒంటినిండా ముసుగు వేసుకునే వెళ్లాలి. ఎందుకంటే అక్కడ పెద్ద శత్రువు పరీక్ష చేసే మనిషే. ఒక్క తుమ్ము చాలు, రాణిగారి డీఎన్‌ఏ బదులు ల్యాబులో కుర్రాడి డీఎన్‌ఏ చదువుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇంత పాతవాటిలో ముందు వెతికేది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. కణం మధ్యలోని కేంద్రకంలో ఉండే డీఎన్‌ఏ కణానికి రెండు ప్రతులే. మైటోకాండ్రియాలోది వందలు, వేలు. ఎన్ని నశించినా ఎక్కడో ఒకటి మిగిలి ఉంటుందన్న ఆశ. పైగా అది తల్లి నుంచే వస్తుంది. మన వైపు ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఎకరం రాసిస్తారు కదా, ఆమె దాన్ని తన కూతురికి, ఆ కూతురు తన కూతురికి రాసిస్తూ పోయినట్టన్నమాట. కొడుకులకూ అది అందుతుంది గానీ వాళ్ల దగ్గరే ఆగిపోతుంది. తండ్రి నుంచి కొడుక్కి గోత్రంలా వెళ్లేది వై క్రోమోజోము. ఈ రెండు దారులూ పట్టుకుంటే ఎంత దూరమైనా వెనక్కి నడవొచ్చు.

సీసీఎంబీలో కె. తంగరాజ్, నీరజ్ రాయ్ బృందం ఆ చేతి ఎముకలో చదివింది తల్లి దారినే. అది ‘యూ1బీ’ అనే వర్గానికి చెందిందని తేలింది. సంస్థ దగ్గర ఉన్న 22,000 మందికి పైగా భారతీయుల సమాచారంతో పోల్చారు. ఒక్కరిలోనూ లేదు. అంటే ఆ ఎముక ఇక్కడివాళ్లది కాదు. జార్జియా నుంచి 30 మంది నమూనాలు తెప్పించి చూస్తే ఇద్దరిలో కనిపించింది. పక్కన దొరికిన మిగతా రెండు ఎముకలూ మాత్రం మన దేశం వాళ్లవే అనిపించేలా ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఈ పరీక్ష ‘ఇది కేతెవాన్’ అని చెప్పలేదు. ‘దీని తల్లి వంశం జార్జియా వైపుది, మనది కాదు’ అని మాత్రమే చెప్పింది. ఆ వర్గంవాళ్లు జార్జియాలో ఎందరో ఉంటారు. కానీ 17వ శతాబ్దపు గోవాలో, అదే మఠంలో, పత్రాలు చెప్పిన అదే కిటికీ దగ్గర, జార్జియా స్త్రీ చేతి ఎముక ఇంకెవరిదై ఉంటుంది? పత్రం, తవ్వకం, డీఎన్‌ఏ... మూడు సాక్ష్యాలూ ఒకేచోట కలిశాయి. అయినా శాస్త్రవేత్తలు తమ వ్యాసంలో ‘ఆమెదే అయ్యే అవకాశం ఎక్కువ’ అని రాశారు తప్ప ‘ఆమెదే’ అని బల్ల గుద్దలేదు. పేపర్ల హెడ్డింగుల్లోనే ఆ సందేహం ఎగిరిపోయింది. 2021 జులైలో విదేశాంగ మంత్రి జైశంకర్ జార్జియా రాజధాని టిబిలిసీ వెళ్లి ఆ అవశేషాల్లో కొంత భాగాన్ని అక్కడి ప్రభుత్వానికి అప్పగించారు. ఆమె చనిపోయిన 397వ ఏట అది.

బల్ల గుద్ది చెప్పగలిగిన సందర్భాలూ లేకపోలేదు. 2012లో ఇంగ్లండులోని లెస్టర్ పట్నంలో కారు పార్కింగు కింద ఒక అస్థిపంజరం దొరికింది. నడుం వంకర, పుర్రె మీద కత్తి దెబ్బలు. 1485లో యుద్ధంలో చనిపోయిన మూడో రిచర్డ్ రాజేమోనన్నది అనుమానం. రాజుగారి అక్క వంశంలో ఆడదారి పట్టుకుని 17 తరాలు కిందికి దిగితే కెనడాలో పుట్టి లండన్‌లో వడ్రంగం చేసుకుంటున్న ఒకాయన తేలాడు. ఆయన మైటోకాండ్రియా డీఎన్‌ఏ, ఎముకల్లోదీ ఒకటే! 2015లో రాజును మర్యాదగా సమాధి చేశారు. రష్యా చివరి జార్ కుటుంబం విషయంలోనూ అంతే. జార్ భార్య ఎముకలతో పోల్చడానికి బ్రిటన్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ నెత్తురిచ్చారు. ఆయన ఆవిడకు తల్లివైపు బంధువు.

రాజులకున్న సౌకర్యం అదే. ఎవరు ఎవరికి పుట్టారో పుస్తకాల్లో రాసి ఉంటుంది. మామూలు వాళ్లకు రాసేదెవరు? నాలుగు తరాల అవతలి అమ్మమ్మ పేరు చెప్పమంటే మనలో ఎందరం చెప్పగలం?

పంజాబులో అమృత్‌సర్ దగ్గర అజ్నాలా అనే ఊరుంది. అక్కడ గురుద్వారా కింద ఒక పాత బావి. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్థానికులే పూనుకుని దాన్ని తవ్వించారు. లోపల గుట్టలుగా ఎముకలు, పుర్రెలు, పళ్లు, నాణేలు. పురావస్తు శాఖ పద్ధతిలో జరిగిన తవ్వకం కాదది. ఆత్రంలో చాలా ఎముకలు విరిగాయి, కలిసిపోయాయి. ఆత్రపడ్డవాళ్లను తప్పుపట్టడమూ కష్టమే. తమ ఊరి బావిలో వందల మంది ఉన్నారని తరాలుగా వింటున్నవాళ్లు వాళ్లు. ఎవరో వస్తారని ఎన్నాళ్లు చూస్తారు?

ఎవరీ మనుషులు? 1947 దేశ విభజన అల్లర్లలో చనిపోయినవాళ్లని కొందరన్నారు. కాదు, 1857 సిపాయిలని మరికొందరు. రెండో మాటకు ఆధారం ఒక పుస్తకం. రాసింది ఆ సిపాయిల్ని చంపించిన దొరే. అప్పటి అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్. 1858లో అచ్చయిన తన పుస్తకంలో జరిగిందంతా దాచకుండా రాసుకున్నాడు, పశ్చాత్తాపంతో కాదు... గొప్పగా! లాహోరు దగ్గరి మియాన్‌మీర్‌లో 26వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలు 1857 జులై 30న పారిపోయారు. రావి నది ఒడ్డున దొరికినవాళ్లను అజ్నాలా తెచ్చారు. ఆగస్టు 1న పదేసి మందిని చొప్పున బయటికి పిలిచి కాల్చారు. 237 మంది అలా పోయారు. ఇరుకు గదిలో కుక్కిన మిగతా 45 మంది తలుపు తీసేసరికే ఊపిరాడక చనిపోయి ఉన్నారు. మొత్తం 282 మందినీ దగ్గర్లోని ఎండిన బావిలో వేసి పూడ్చారు.

చంపినవాడి పుస్తకం ఒక్కటే సాక్ష్యమైతే సరిపోదు కదా. పంజాబ్ యూనివర్సిటీకి చెందిన జె.ఎస్. సెహ్రావత్, హైదరాబాదు సీసీఎంబీ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలతో కలిసి ఆ పళ్లను పరీక్షించారు. 50 నమూనాల్లో డీఎన్‌ఏ, 85 నమూనాల్లో ఐసోటోపులు.

ఈ రెండో పరీక్ష సంగతి గోదావరి జిల్లాలవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఎవరైనా తెలివిగా మాట్లాడితే ‘గోదావరి నీళ్లు తాగినవాడు’ అంటారు కదా. సరిగ్గా అదే. చిన్నప్పుడు పన్ను గట్టిపడే రోజుల్లో తాగిన నీటిలోని ఆక్సిజన్ రకాలు పంటి పింగాణీలో అలాగే ఉండిపోతాయి. ఒక్కో ప్రాంతం నీళ్లలో వాటి పాళ్లు ఒక్కో తీరు. పన్ను చూసి ఏ నీళ్లు తాగి పెరిగాడో చెప్పొచ్చు. అజ్నాలా పళ్లు పంజాబు నీళ్లు తాగినవి కావు. డీఎన్‌ఏ కూడా అదే చెప్పింది. వాళ్లంతా గంగా మైదానం వైపువాళ్లు. బెంగాలు, బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల వైపు. ఆ పటాలంలో సిపాయిలు ఆ వైపువాళ్లే. 2022 ఏప్రిల్‌లో ఫలితం అచ్చయింది. విభజన మృతులన్న వాదన అంతటితో వీగిపోయింది.

ఉత్తరాఖండ్ కొండల్లో 5,000 మీటర్ల ఎత్తునున్న రూప్‌కుండ్ సరస్సు కథ ఇంతకన్నా వింత. అక్కడి అస్థిపంజరాలన్నీ ఒకే వడగళ్ల వానలో పోయిన యాత్రికులవని జనం నమ్మిక. సీసీఎంబీ, హార్వర్డ్ కలిసి 38 మంది డీఎన్‌ఏ చదివితే 23 మంది మనవాళ్లు, 14 మంది గ్రీసు, క్రీటు ప్రాంతాల వైపువాళ్లు, ఒకరు ఆగ్నేయాసియా మనిషి. మనవాళ్లకూ గ్రీకులకూ మధ్య వెయ్యేళ్ల దూరం! 1800 ప్రాంతంలో ఆ పద్నాలుగు మందీ హిమాలయాలెందుకు ఎక్కారో చెప్పే కాగితం ముక్క లేదు. గోవాలో రెండో కిటికీ గురించి రాసి పెట్టినట్టు ఇక్కడెవరూ రాయలేదు మరి.

అజ్నాలా వాళ్ల సంగతి అలా కాదు. ఊరు దాదాపు తెలిసింది. పటాలం తెలిసింది. చనిపోయిన రోజు తెలుసు. ఇక కావాల్సింది పేరు, ఆ పేరు తాలూకు కుటుంబం. అజంగఢ్‌లోనో, ఆరాలోనో ఏదో ఇంట్లో ‘మా ముత్తాత అన్న పటాలానికి వెళ్లి తిరిగి రాలేదు’ అని ఎవరైనా చెప్పుకుంటూ ఉండొచ్చు. అలాంటి ఇంటి నుంచి, అందులోనూ ఆడదారిలో వచ్చిన ఒక మనిషి నమూనా ఇస్తే, 50 పళ్లలో ఒకదానికి సరిపోవచ్చు. ఊరికే ఊహించి వేల ఊళ్లు తిరగలేరు కాబట్టి ముందు పటాలం హాజరు పట్టీలాంటిదేదైనా దొరకాలి.

అలాంటిది ఒకటి ఆ రోజు తయారైంది కూడా. పదేసి మందిని బయటికి పిలిచినప్పుడు, చేతులు కట్టే ముందు ఒక్కొక్కరి పేరూ వరసగా రాసుకున్నామని కూపరే తన పుస్తకంలో రాశాడు. లెక్క మాత్రం అచ్చులోకి వచ్చింది.